తల్లిపాలు ఉచితమా?

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నన్ను "తల్లిపాల ప్రాముఖ్యత" గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం మీద మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే ఆసుపత్రి గోడల మీదా, అంగన్‌వాడీ కేంద్రాల్లోనూ పోస్టర్లు వేలాడతాయి. తల్లిపాలు అమృతం. తల్లిపాలు బిడ్డకు తొలి టీకా. తల్లిపాలు ఉచితం. మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. మూడో మాట దగ్గరే నేను ఆగిపోతాను. ఎవరికి ఉచితం? బిడ్డకు ఉచితం, కుటుంబానికి ఉచితం, ప్రభుత్వానికి ఉచితం. ఇచ్చే మనిషికి కూడా ఉచితమేనా?

ముందే ఒక మాట చెప్పాలి. నేను వైద్యురాలిని కాను. నా పేరుకు ముందున్న డాక్టరు సమాజశాస్త్రంలో వచ్చింది. అయినా శరీరశాస్త్రం చదవవలసిన అవసరం నాకు పొలంలో ఎదురైంది.

కొన్నేళ్ళ క్రితం పాలమూరు జిల్లాలో వ్యవసాయ కూలీ స్త్రీల పని గంటల మీద సమాచారం సేకరిస్తున్నాను. పత్తిచేలో ఒక స్త్రీ గట్టుమీద కూర్చుని మూడు నెలల బిడ్డకు పాలిస్తోంది. "పాలు సరిపోతున్నాయా అమ్మా?" అని అడిగాను. అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. ఆమె నవ్వి, "పాలకేం కొదవ లేదు మేడం. పిల్లగాడు మంచిగనే ఉన్నడు. నాకే కండ్లు తిరుగుతున్నయి, కాళ్ళు గుంజుతున్నయి. పొద్దుగాల గట్క తాగి వచ్చిన" అన్నది. ఆ సాయంత్రం ఊళ్ళో అంగన్‌వాడీ రిజిస్టరు చూశాను. బిడ్డ బరువు నెలనెలా రాసి ఉంది. తల్లి బరువు కాన్పుకు ముందు రాసిందే ఆఖరు. ఆ తర్వాత ఆమెకు బరువే లేదు!

పొద్దున గట్క తాగి వచ్చిన మనిషి ఒంట్లో మధ్యాహ్నానికి పాలు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి జవాబు వెతుక్కుంటూ నేను చదివినదీ, పల్లెల్లో చూసినదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

రక్తం నుంచి పాలలోకి

మనం తిన్న మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, ఉన్నవి ఉన్నట్టుగా పాలలోకి పోవు. పప్పులోని ప్రోటీన్ కడుపులో, పేగుల్లో విడిపోయి అమైనో ఆమ్లాలుగా మారుతుంది. పూసలదండ తెంపితే పూసలు విడిపోయినట్టు. ఇరవై రకాల పూసలున్నాయనుకోండి. వాటిలో తొమ్మిదింటిని మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. లైసీన్, మీథియోనైన్, ల్యూసీన్, హిస్టిడిన్ ఇటువంటివి. ఈ పూసలు పేగుల నుంచి కాలేయానికీ, అక్కడినుంచి రక్తంలోకీ వస్తాయి.

రొమ్ములో పాలు తయారుచేసే భాగాన్ని క్షీరగ్రంథి అంటారు. అందులో ద్రాక్షగుత్తుల్లాంటి చిన్నచిన్న సంచులుంటాయి. సంచి లోపలి గోడ అంతా పాలు తయారుచేసే కణాలే. ఒక్కొక్క కణానికి రక్తం వైపు ఒక ముఖం, పాల వైపు ఒక ముఖం. రక్తం వైపు ముఖం మీద అమైనో ఆమ్లాలను లోపలికి తీసుకునే గుమ్మాలున్నాయి. ఇవి కూడా ప్రోటీన్లే. ఒక్కో గుమ్మం ఒక్కో కుటుంబానికి చెందిన ఆమ్లాలను పట్టుకుంటుంది. కొన్నిచోట్ల ఒకే గుమ్మం కోసం నాలుగైదు రకాలు పోటీ పడతాయి. లోపలికి వెళ్ళిన పూసలను కణం కొత్త వరుసలో గుచ్చి బిడ్డకు కావలసిన దండలు చేస్తుంది. కేసీన్, లాక్టాల్బుమిన్ వంటి పాల ప్రోటీన్లు అవే. ఒక్క రకం పూస తక్కువ పడినా దండ అక్కడే ఆగిపోతుంది. మిగిలిన పూసలు ఎన్ని ఉన్నా లాభం లేదు.

తల్లిపాలలో ప్రోటీన్ ఎక్కువేమీ ఉండదు. వంద మిల్లీలీటర్లకు ఒక గ్రాము, లేదా కాస్త ఎక్కువ. ఆవుపాలలో అంతకు మూడు రెట్లుంటుంది. కానీ బిడ్డ రోజుకు ముప్పావు లీటరు తాగుతుంది. అంటే రోజుకు ఎనిమిది గ్రాముల ప్రోటీన్ తల్లి రక్తంలోంచి బయటికి పోతుంది. ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ పెట్టవద్దని మనమే చెబుతున్నాం. ఆ ఆరు నెలల్లో దాదాపు కిలోన్నర శుద్ధమైన ప్రోటీన్ తల్లి ఒంట్లోంచి బిడ్డ ఒంట్లోకి చేరుతుంది.

ఎనిమిది గ్రాములు ఇవ్వడానికి ఎనిమిది గ్రాములు తింటే చాలదు. తిన్నదంతా అరగదు, అరిగినదంతా పాలు కాదు. అందుకే భారత వైద్య పరిశోధనా మండలి, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన సిఫారసుల్లో మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 17 గ్రాముల ప్రోటీన్ అదనంగా కావాలన్నారు. మామూలుగా 55 కిలోల బరువున్న స్త్రీకి కావలసిన 46 గ్రాములకు ఇది అదనం. తర్వాతి ఆరు నెలలకు 13 గ్రాములు. శక్తి విషయానికొస్తే మొదటి ఆరు నెలలు 600 కేలరీలు, తర్వాత 520.

మనకు అర్థమయ్యే కొలతలో చెబుతాను. 17 గ్రాములంటే దాదాపు మూడు కోడిగుడ్లు. ఆరు నెలలకు కందిపప్పు లెక్కన చూస్తే 14 కిలోల దాకా అవుతుంది. ఇది ఆమె ఎప్పుడూ తినే తిండికి పైన. కూలి మీద బతికే ఇంట్లో 14 కిలోల కందిపప్పు ఒక్క మనిషి కోసం విడిగా కొన్నారంటే మీరు నమ్ముతారా? "ఉచితం" అనే మాట రాసిన పోస్టరు పక్కన ఈ లెక్క కూడా రాసి అంటించాలని నాకు అనిపిస్తుంది.

కొలిచింది ఎవరి ఒంటిని?

ఇప్పుడు మీకు ఒక విచిత్రం చెబుతాను. క్షీరగ్రంథి రక్తంలోంచి ఏ అమైనో ఆమ్లాన్ని ఎంత తీసుకుంటుందన్న విషయం మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. అందులో ఎక్కువభాగం ఆవుల మీదా, మేకల మీదా, పందుల మీదా జరిగినదే. ఇంగ్లండులోని బాబ్రహాంలో లిన్జెల్ అనే శాస్త్రవేత్త 1960లలో మేకల మీద పనిచేశాడు. గ్రంథిలోకి పోయే రక్తాన్నీ, బయటికొచ్చే రక్తాన్నీ తేలికగా పట్టి కొలవడానికి మేక పొదుగును మెడ దగ్గరికి మార్చి అతికించాడు. లోపలికి పోయే రక్తంలో ఎంత ఉంది, బయటికొచ్చే రక్తంలో ఎంత మిగిలింది, ఆ తేడాయే గ్రంథి తీసుకున్నది. ఒక లీటరు పాలు రావాలంటే మేక పొదుగు గుండా దాదాపు 500 లీటర్ల రక్తం ప్రవహించాలని అప్పటి కొలతలు చెప్పాయి.

తర్వాతి పరిశోధనల్లో మరికొన్ని విషయాలు తేలాయి. మీథియోనైన్ వంటివాటిని గ్రంథి పాలలో ఎంత పంపుతుందో దాదాపు అంతే తీసుకుంటుంది. లైసీన్, ల్యూసీన్, ఆర్జినైన్ వంటివాటిని పాలలో పంపేదానికన్నా ఎక్కువే తీసుకుంటుంది. కొంత తన ఖర్చుకూ, కొంత ఇతర ఆమ్లాల తయారీకీ వాడుకుంటుంది.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది స్కాట్లాండులోని రోవెట్ సంస్థ వాళ్ళు 2000లో ప్రచురించిన ఒక పరిశోధన. పాలిచ్చే మేకలకు హిస్టిడిన్ అనే ఒక్క ఆమ్లం తక్కువయ్యేట్టు చేశారు. ఏమైందనుకుంటున్నారు? గ్రంథికి రక్తప్రవాహం మూడోవంతు పెరిగింది. రక్తంలోంచి హిస్టిడిన్‌ను లాక్కునే శక్తి నలభై రెట్లకు పైగా పెరిగింది. అంటే రక్తంలో కొరత వచ్చినప్పుడు గ్రంథి చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఇంకా గట్టిగా లాక్కుంది.

మరి రక్తంలోకి ఆ ఆమ్లం ఎక్కడినుంచి రావాలి? కొవ్వును శరీరం దాచుకుంటుంది. ప్రోటీన్‌కు అలాంటి గాదె వేరే లేదు. ఉన్న గాదె కండరాలే. తిండి చాలనప్పుడు కండ కరిగి రక్తంలో కలుస్తుంది. పందుల మీద చేసిన అధ్యయనాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. తల్లిపంది ఒళ్ళు కరుగుతున్నా కొంతకాలం పిల్లలకు పాలు తగ్గవు. కరగడం ఒక హద్దు దాటాకే పాలు తగ్గుతాయి. పాలు తగ్గే సమయానికే తల్లికి జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఈ కొలతలు జంతువుల మీదే ఎందుకు జరిగాయి? స్త్రీల ధమనుల్లో గొట్టాలు పెట్టి కొలవకూడదు కాబట్టి, అది న్యాయమే. కానీ అసలు కారణం అది ఒక్కటే కాదు. ఆవుపాలకు బజారుంది. ఏ దాణా ఎంత పెడితే పాలలో ఎంత ప్రోటీన్ వస్తుందో తెలిస్తే పాడి పరిశ్రమకు లాభముంది. అందుకే పాడి ఆవు ఏ అమైనో ఆమ్లం ఎన్ని గ్రాములు తినాలో పట్టికలు వేసి పెట్టారు. ఆ పట్టికలు చూసి దాణా కలిపి అమ్ముతారు. స్త్రీ పాలకు బజారు లేదు కాబట్టి ఆమె దాణా లెక్క ఎవరికీ పట్టలేదు.

"పాలు బాగానే ఉన్నాయి"

స్త్రీల మీద పని జరగలేదని కాదు. మన దేశంలో ఈ విషయం మీద ముందుగా పనిచేసినవారిలో డాక్టర్ సి. గోపాలన్ ఒకరు. 1950లలో కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాలలో ఆయన పేద స్త్రీల పాలను పరీక్షించారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆయన గమనించిన ముఖ్య విషయం: అర్ధాకలితో ఉన్న స్త్రీలు కూడా నెలల తరబడి బిడ్డలకు పాలివ్వగలుగుతున్నారు, ఆ పాలలో ప్రోటీన్ చెప్పుకోదగినంతగా తగ్గడం లేదు. తగ్గేవి ప్రధానంగా కొన్ని విటమిన్లు. తల్లి తిండిలో విటమిన్ ఎ, బి విటమిన్లు లేకపోతే పాలలోనూ తగ్గుతాయి.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. "పేద తల్లుల పాలు బాగానే ఉన్నాయి, కాబట్టి బెంగ లేదు" అని చదవవచ్చు. లేదా "పాలు బాగానే ఉండడానికి ఆమె ఒళ్ళు ఏం పోగొట్టుకుంటోంది?" అని అడగవచ్చు. బిడ్డను మాత్రమే చూసేవాళ్ళు మొదటి విధంగా చదువుతారు. తల్లిని కూడా మనిషిగా చూసేవాళ్ళకు రెండో ప్రశ్న వస్తుంది. స్త్రీల ఉద్యమం చేయవలసింది ఆ రెండో ప్రశ్నను పట్టుబట్టి అడగడమే.

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. స్త్రీ శరీరం తెలివైనది. పాలిచ్చే కాలంలో ప్రోటీన్‌ను తక్కువ వృథా చేసుకుంటుంది. ఎముకల్లోంచి కొంత సున్నం పాలలోకి పోతుంది. నాలుగైదు నెలల్లో ఎముక సాంద్రత మూడు నుంచి ఐదు శాతం దాకా తగ్గినా, పాలు మాన్పించాక చాలావరకు తిరిగి వస్తుంది. ఈ సర్దుబాట్లు ప్రకృతి ఇచ్చిన వరమే. కానీ కోలుకోవాలంటే తిండి కావాలి, కాస్త విశ్రాంతి కావాలి. పత్తిచేలో వంగి పనిచేసే స్త్రీకి రెండూ దొరకవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం స్త్రీలకు రక్తహీనత ఉందని తేలింది. ఆ రక్తంలోంచే పాలు తయారవుతున్నాయని గుర్తుంచుకోండి.

గేదెకు తెలగపిండి, బాలింతకు కారప్పొడి

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. మన రైతు ఇంట్లో గేదె ఈనితే ఏం చేస్తారో మీకందరికీ తెలుసు. తవుడు, పత్తిగింజలు, వేరుశనగ చెక్క, తెలగపిండి నానబెట్టి కుడితి పెడతారు. పశువైద్యులు చెప్పే లెక్క ఏమిటంటే, గేదె ఒంటికోసం కిలో, కిలోన్నర దాణా, దానిపైన ప్రతి రెండు లీటర్ల పాలకు మరో కిలో. పాలు పిండుకుంటే దాణా పెట్టాలని చదువురాని రైతుకు కూడా తెలుసు. పెట్టకపోతే గేదె చిక్కిపోతుందనీ, మళ్ళీ ఎదకు రాదనీ తెలుసు.

అదే ఇంట్లో కోడలు ప్రసవిస్తే? పథ్యం మొదలవుతుంది. నేను కృష్ణా జిల్లా మనిషిని. నా కాన్పుకు మా అమ్మ పెట్టిన పథ్యం నాకు బాగా గుర్తుంది. మొదటి వారం వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. నీళ్ళు కొలిచి ఇచ్చేది. పప్పు వద్దు, చీము పడుతుంది. గుడ్డు వద్దు, పిల్లకు వేడి చేస్తుంది. నేను పిహెచ్.డి. చేస్తున్నదాన్ని. అయినా వాదించే ఓపిక లేక తిన్నాను. మా ఇంట్లో పదకొండో రోజు దాటాక పప్పు, పాలు వచ్చాయి. నెయ్యి మొదటినుంచీ ఉంది. పాలమూరులో నేను కలిసిన ఇళ్ళలో నలభై రోజులైనా పప్పు రాని బాలింతలున్నారు. "పప్పు పెడితే పిల్లగానికి కడుపుబ్బుతది" అని అత్తలు చెప్పారు. ఆ అత్తలు రాక్షసులు కారు. వాళ్ళకూ వాళ్ళ అత్తలు అదే పెట్టారు.

ఇక్కడే అమైనో ఆమ్లాల లెక్క మనకు పనికొస్తుంది. బియ్యంలో, జొన్నల్లో లైసీన్ తక్కువ. పప్పుల్లో లైసీన్ ఎక్కువ, మీథియోనైన్ తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. పప్పన్నం మన పెద్దలు శాస్త్రం చదివి కనిపెట్టలేదు, కానీ అది శాస్త్రానికి సరిపోయింది. బాలింత కంచంలోంచి పప్పు తీసేస్తే లైసీన్ పోతుంది. పాలు తయారుచేసే కణానికి లైసీన్ దండిగా కావలసిన రోజుల్లోనే దాన్ని కంచంలోంచి తీసేస్తున్నాం.

అలాగని పథ్యమంతా మూఢనమ్మకమని కొట్టిపారేయను. కోస్తాలో బాలింతకు పాలు పడాలని తెలగపిండి, మునగాకు కలిపి కూర వండి పెడతారు. తెలగపిండి అంటే నువ్వుల నూనె తీయగా మిగిలిన పిండి. దానిలో ప్రోటీన్ బాగా ఉంది, మీథియోనైన్ ఉంది. సముద్రతీరంలో పాలసొర చేప వండి పెడతారు. వెలమీద ఆలోచించండి. తెలగపిండి గేదెకు పెట్టేదే. గేదెకు పెట్టేదాన్నే తల్లికీ పెట్టాలని గ్రహించిన స్త్రీలు మనకున్నారు. ఆ జ్ఞానం అమ్మమ్మలదే, పప్పు వద్దనే భయం కూడా అమ్మమ్మలదే. మనం ఊళ్ళలో మాట్లాడేటప్పుడు "మీదంతా తప్పు" అని మొదలుపెడితే ఎవరూ వినరు. "తెలగపిండి పెట్టిన చేత్తోనే పప్పు కూడా పెట్టండి" అంటే వింటారు. నేను ప్రయత్నించి చూశాను.

అయితే నమ్మకాలది సగం కథే. పప్పు పెట్టకూడదనే ఇళ్ళకన్నా పెట్టడానికి పప్పు లేని ఇళ్ళు ఎక్కువ. ఉన్న ఇళ్ళలో కూడా వడ్డన వరుసలో చివరి కంచం ఎవరిదో మీకు తెలుసు. బాలింత మంచం దిగి వంటింట్లోకి అడుగుపెట్టిన రోజునుంచే ఆమె కంచం మళ్ళీ చివరికి పోతుంది. పాలు మాత్రం అప్పటికి ఇంకా ఏడాదిన్నర ఇవ్వాలి.

చట్టం ఏమిచ్చింది?

2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం ఒక గొప్ప మాట చెప్పింది. గర్భిణికీ, ప్రసవించాక ఆరు నెలల వరకు తల్లికీ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా భోజనం పొందే హక్కు ఉందంది. చట్టం వచ్చినప్పుడు దాని షెడ్యూలులో రోజుకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ అని రాశారు. నేను ముందు చెప్పిన 17 గ్రాముల లెక్కకు ఇది సరిపోతుంది. చట్టం రాసినవాళ్ళు లెక్క తెలిసే రాశారు.

మన రాష్ట్రాల్లోనూ పని జరిగింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమృతహస్తం పేరుతో ఒక పూట పూర్తి భోజనం మొదలైంది. 2015 జనవరి నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి వచ్చింది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, గ్లాసు పాలు కేంద్రంలోనే కూర్చోబెట్టి పెట్టాలన్నది ఆలోచన. ఇంటికి సరుకులు ఇస్తే అందరూ పంచుకుంటారు, తల్లి కంచంలోకి రాదు కాబట్టి ఇది మంచి ఆలోచనే. ఈ భోజనం వండి పెట్టేవాళ్ళూ స్త్రీలే, అంగన్‌వాడీ టీచర్లూ ఆయాలూ. వాళ్ళ జీతాల సంగతి మరో సమావేశానికి సరిపోయే విషయం.

చిక్కు ఎక్కడుందంటే, భోజనం మధ్యాహ్నం పెడతారు. కూలికి పోయే తల్లి పొద్దున్నే పోతుంది, పొద్దుగూకాక వస్తుంది. భోజనం అందరికన్నా అవసరమైన స్త్రీ ఆ వేళకు చేలో ఉంటుంది. కూలి మానుకుని భోజనానికి వస్తే ఆ రోజు కూలి పోతుంది. తిండి కావాలా, కూలి కావాలా అని అడిగితే అది హక్కు ఎలా అవుతుంది?

రెండో చిక్కు. చట్టం ఆరు నెలలతో ఆగిపోతుంది. మన దేశపు పోషకాహార నిపుణులే ఆరు నుంచి పన్నెండు నెలల వరకు కూడా 13 గ్రాములు అదనంగా కావాలన్నారు. రెండేళ్ళ దాకా పాలివ్వమని మన ఆరోగ్యశాఖే చెబుతుంది. రెండేళ్ళు పాలివ్వమనే ప్రభుత్వం, ఆరు నెలలకే కంచం ఎత్తేసే చట్టం చేసింది.

మూడోది డబ్బు. చట్టం ఆరు వేలకు తక్కువ కాకుండా ప్రసూతి సాయం ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృ వందన యోజన మొదటి కాన్పుకు ఐదు వేలే అంది. తర్వాత రెండో కాన్పుకూ ఇస్తామన్నారు, పుట్టింది ఆడపిల్ల అయితేనే. ఆడపిల్ల పుట్టుకను ప్రోత్సహించాలనే ఉద్దేశాన్ని నేను కాదనను. కానీ మగబిడ్డకు పాలిచ్చే తల్లి కండ తక్కువ కరుగుతుందా? మూడో బిడ్డకు పాలిచ్చే తల్లి ఒంట్లో అమైనో ఆమ్లాలు వాటంతట అవే పుడతాయా? ఈ డబ్బు తల్లి శ్రమకు ఇస్తున్నారా, జనాభా విధానానికి ఇస్తున్నారా?

ఉద్యోగినులకు 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం జీతంతో సెలవు ఇచ్చింది. 2017లో దాన్ని 26 వారాలకు పెంచారు. తిరిగి పనిలో చేరాక బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలనే నియమం ఆ చట్టంలోనే ఉండేది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ నియమాన్ని కొనసాగించింది. మన దేశంలో పనిచేసే స్త్రీలలో అత్యధికులు అసంఘటిత రంగంలో ఉన్నారు. పత్తిచేనుకు ఈ నియమం ఎవరు తీసుకెళ్ళాలి? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని దగ్గర ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టాలని రాశారు. నేను తిరిగిన పని స్థలాల్లో అది కాగితం దాటి రాలేదు. బిడ్డకు పాలిచ్చి వస్తానన్న కూలి స్త్రీని, చేపు నిజమేనా చూస్తానని పాలు పిండి చూపించమన్న దొర కథ తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దొరలు పోయారు. చంటిబిడ్డ తల్లికి చేలో విరామం అడిగే హక్కు మాత్రం ఇంకా రాలేదు.

ఒక హెచ్చరిక

నేను ఇలా మాట్లాడితే ఎవరు సంతోషిస్తారో నాకు తెలుసు. డబ్బాపాలు అమ్మేవాళ్ళు. "తల్లి బలహీనంగా ఉంది కాబట్టి డబ్బాపాలు పట్టండి" అనే మాట వాళ్ళకు వ్యాపారం. ఆ ప్రచారాన్ని అడ్డుకోవడానికే మన దేశంలో 1992లో చట్టం చేసి, 2003లో దాన్ని గట్టిపరిచారు. నా మాటల నుంచి ఎవరూ ఆ అర్థం తీయవద్దు. అర్ధాకలితో ఉన్న తల్లి పాలు కూడా బిడ్డకు మంచివే. శుభ్రమైన నీళ్ళు లేని ఇంట్లో డబ్బాపాలు బిడ్డ ప్రాణానికే ముప్పు. తల్లి బలహీనంగా ఉంటే పెట్టవలసింది తల్లికి.

మరోవైపు నుంచి కూడా జాగ్రత్త కావాలి. ఏ కారణం చేతనో పాలివ్వలేని స్త్రీలు, ఇవ్వకూడదనుకున్న స్త్రీలు ఉంటారు. వాళ్ళను దోషుల్ని చేసే హక్కు ఎవరికీ లేదు. మాతృత్వాన్ని ఆకాశానికెత్తి తల్లిని పస్తులుంచే సమాజమే మనం ప్రశ్నించవలసినది.

మనం చేయగలిగినవి

ఇక నా సూచనలు. చర్చకోసం పెడుతున్నాను, మీ అనుభవంతో దిద్దండి.

ఒకటి. అంగన్‌వాడీలో బిడ్డను తూచిన ప్రతిసారీ తల్లినీ తూచాలి. పాలు మాన్పించేదాకా ఆ బరువు రిజిస్టరులో ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త ఖర్చు అంతకన్నా లేదు. తూకం యంత్రం అక్కడే ఉంది.

రెండు. భోజనం హక్కును ఆరు నెలల నుంచి కనీసం ఏడాదికి పెంచాలని అడగాలి. మన అంకెలు మనం కల్పించినవి కావు, ప్రభుత్వ సంస్థ ఇచ్చినవే.

మూడు. కూలికి పోయే తల్లులకు భోజనం పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ, పనిచోటికి గానీ అందాలి. ఏ ఊళ్ళో ఏది వీలవుతుందో అక్కడి స్త్రీలే నిర్ణయించాలి.

నాలుగు. ప్రసూతి సాయం కానుక కాదు, పోయిన కూలికి బదులు. ఎన్నో కాన్పు, ఏ బిడ్డ అనే షరతులు లేకుండా కనీస కూలి లెక్కన ఇవ్వాలి.

ఐదు. ఇళ్ళలో పథ్యం గురించి మాట్లాడాలి. కోడళ్ళతోనే కాదు, అత్తలతోనూ, ముఖ్యంగా మగవాళ్ళతోనూ. గేదె దాణా లెక్క తెలిసిన రైతుకు ఈ లెక్క అర్థం కాదని నేననుకోను.

పాలమూరులో ఆ చేనిగట్టు మీద నేను అడిగిన మొదటి ప్రశ్న తప్పు. "పాలు సరిపోతున్నాయా?" అని అడిగాను. బిడ్డ కడుపు నింపే పని ఆమె ఒళ్ళు ఎలాగూ చేస్తోంది. రక్తంలో లేకపోతే కండలోంచి తీసి ఇస్తోంది. మీరు ఇక్కడినుంచి ఊళ్ళకు వెళ్ళాక బాలింత కనిపిస్తే ముందు ఈ మాట అడగండి: "పొద్దున ఏం తిన్నావమ్మా? నిన్న రాత్రి?" జవాబు మీ నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి. అధికారుల దగ్గరికి వెళ్ళడానికి మనకు అంతకన్నా మంచి పత్రం దొరకదు.